వచ్చే నెల నుంచి కిరాయి పెరుగుతోంది, డీజిల్ ఒక్కటే కారణం కాదు

గజపతినగరం, రామభద్రపురం, సాలూరు దారిలోని కిరాణా దుకాణదారులందరికీ నమస్కారం. వచ్చే నెల ఒకటో తేదీ నుంచి విజయనగరంలో నా పికప్ బండికి ఎక్కించే ప్రతి బస్తాపై కిరాయి రెండు రూపాయలు పెంచుతున్నాను. కిందటిసారి పెంచినప్పుడు డీజిల్ ధర మీదికి నెట్టి ఊరుకున్నాను. అది సగం నిజమే కనుక ఈసారి లెక్క విప్పి చెబుతున్నాను.

మన రాష్ట్రంలో డీజిల్‌పై 22.25 శాతం వ్యాట్ (రాష్ట్రం వేసే అమ్మకపు పన్ను), లీటరుకు 4 రూపాయల అదనపు పన్ను ఉండగా, 2020 సెప్టెంబరులో రోడ్ల అభివృద్ధి పేరిట మరో రూపాయి సెస్సు, అంటే ఒక పని కోసమని వేసే ప్రత్యేక పన్ను, చేరింది. కేంద్రం వేసే సుంకాల్లో రోడ్డు, మౌలిక వసతుల సెస్సు వేరుగా ఉంది. 2017లో జీఎస్టీ వచ్చినా డీజిల్ అందులోకి రాలేదు గనుక, నేను బంకులో కట్టిన పన్నులో పైసా కూడా తిరిగి జమ కాదు. అదంతా మీ కిరాయిలోకే వస్తుంది. ఇచ్ఛాపురం వైపు బళ్ల వాళ్లు ఒడిశా సరిహద్దు దాటి చవకగా ట్యాంకు నింపుకుంటారు, సాలూరు దాకా వెళ్లి వెనుదిరిగే నా పికప్‌కు ఆ వీలు లేదు.

సాలూరు వెళ్లి రావడానికి దాదాపు పది లీటర్లు పడుతుంది కాబట్టి, రాష్ట్ర రోడ్డు సెస్సు కింద ట్రిప్పుకు పది రూపాయలు, నెలకు పాతిక ట్రిప్పులకు 250 రూపాయలు కడుతున్నాను. కిందటి వానాకాలం నాలుగు నెలల్లో ఈ సెస్సు వెయ్యి రూపాయలైతే, లోపలి ఊళ్ల దారుల్లోని గోతుల వల్ల రెండుసార్లు విరిగిన కమాను కట్టలకు, చీలిన ఒక టైరుకు అయిన ఖర్చు పద్నాలుగు వేలు. పెంపులో ఎక్కువ భాగం దీనిదే.

అందుకే ఇంధన పన్ను తగ్గించమనే వారితో నేను గొంతు కలపలేకపోతున్నాను. నా ఫిర్యాదు పన్ను గురించి కాదు, అది చేరే చోటు గురించి. వ్యాట్ నేరుగా ఖజానాలో కలిసిపోతుంది. కేంద్రం వేసే రోడ్డు సెస్సు చేరే నిధిని, అంటే 2000 నాటి చట్టంతో ఏర్పడిన కేంద్ర రోడ్డు నిధిని కూడా 2018లో రైళ్లు, ఓడరేవుల వంటి ఇతర వసతులకు వాడుకునేలా మార్చారు.

ఇక్కడ నా తప్పు కూడా ఒకటి ఒప్పుకోవాలి. గంటస్తంభం చుట్టుపక్కల సరుకు దించే నా ఎలక్ట్రిక్ ఆటోకు రోడ్డు పన్ను మినహాయింపు దొరికింది, డీజిల్ సెస్సు దానికి ఎలాగూ లేదు. అందరూ తిరిగే రోడ్డుమీద నేను ఉచితంగా తిరుగుతున్నాననే సంగతి పికప్‌కు డీజిల్ కొట్టించేటప్పుడల్లా గుర్తొస్తుంది. న్యూజిలాండ్‌లో డీజిల్ బళ్లు కిలోమీటర్లను, బరువును బట్టి రోడ్డు రుసుము కడతాయి; 2024 ఏప్రిల్ నుంచి ఎలక్ట్రిక్ కార్లకు కూడా రుసుము విధించారు. ఇరుసుపై బరువు రెట్టింపైతే రోడ్డుకు జరిగే నష్టం ఇంచుమించు పదహారు రెట్లవుతుందని ఇంజనీర్ల అంచనా. ఆ లెక్కన బరువును చూసి వసూలు చేయడమే నాకు న్యాయంగా తోస్తోంది, అప్పుడు నా పికప్‌కు మరికొంత పడినా సరే. లారీల ఊరైన సాలూరులో ఈ మాట అంటే చాలామందికి కోపం వస్తుందని తెలుసు.

పట్టణంలో ఆటో కిరాయి మారదు. ఈ నెలాఖరులోగా చెప్పిన సరుకుకు పాత కిరాయే తీసుకుంటాను. రిపేరు బిల్లులు గోదాములో ఉన్నాయి, చూడదలచిన వారు రావచ్చు.