సోమ, మంగళవారాల్లో మన షాపులో నెట్ ఎందుకు లేదంటే

సోమవారం పొద్దున షట్టర్ ఎత్తేసరికి బయట పదకొండు మంది నిలబడి ఉన్నారు. డిగ్రీ పరీక్ష ఫీజుకు ఆ రోజే ఆఖరు. ఆరు సిస్టమ్‌లూ ఆన్ అయ్యాయి, ఒక్కదాంట్లోనూ నెట్ లేదు. "లైన్ పోయింది" అని మా అబ్బాయి మీకు చెప్పింది నిజం కాదు. పోగొట్టింది నేనే.

మన సిస్టమ్‌లలో విండోస్ బదులు నడిచేది ఉబుంటు, అంటే లైనక్స్ రకం ఆపరేటింగ్ సిస్టమ్. 20.04 వెర్షన్‌కు మామూలు సెక్యూరిటీ అప్‌డేట్లు 2025 మేతో ఆగిపోయాయి. మీ ఆధార్ కాపీలు తెరిచే సిస్టమ్‌లను అలాగే నడపడం ఇష్టంలేక ఆదివారం రాత్రి 22.04 ఎక్కించాను. ముందు ఒకదాంట్లో చేసి చూడాల్సింది. ఆరింటికీ ఒకేసారి పెట్టి, పొద్దున రీస్టార్ట్ చేద్దాంలే అని ఇంటికెళ్లి పడుకున్నాను.

కేబుళ్లు మార్చాం, స్విచ్ మార్చాం. ఫోన్లకు వైఫై వస్తోంది, సిస్టమ్‌లలో నెట్‌వర్క్ కార్డు పేరే కనబడదు. ఫోన్‌ను యూఎస్‌బీ వైరుతో తగిలించి ఒక్క సిస్టమ్ నడిపి ఏడుగురి ఫీజులు కట్టగలిగాం. మిగిలిన నలుగురికీ లేటు ఫీజు మేమే కడుతున్నాం.

ఇక సిస్టమ్‌లు అమ్మినాయన సంగతి. సోమవారం ఆరుసార్లు ఫోన్ చేస్తే మంగళవారం సాయంత్రం వచ్చాడు. కుర్చీలో కూడా కూర్చోలేదు. "మీ లైనక్సూ మీరూ! విండోస్ వేసేస్తా, గంటలో అయిపోతుంది" అన్నాడు. లైసెన్స్ సంగతేంటని అడిగితే నవ్వాడు. పదేళ్ల పరిచయం, అందరి ముందూ ఆ నవ్వు. నిజం చెప్పాలంటే సరే అనబోయాను. రెండు రోజుల బేరం పోయింది, బుధవారం ఇంకో అప్లికేషన్‌కు గడువుంది. మా ఆవిడ కూడా వేయించెయ్యమంది. దొంగ కాపీ వేసుకున్న సిస్టమ్‌లో మీ బ్యాంకు పాస్‌వర్డ్ కొట్టమని ఏ మొహంతో చెప్పను? ఆయన్ని పంపేశాను. అది మొండితనమే అనుకోండి.

రాత్రి పదకొండింటికి దారి దొరికింది. సిస్టమ్ ఆన్ అయ్యేటప్పుడు వచ్చే బూట్ మెనూలో పాత కెర్నల్ (లైనక్స్‌కు గుండెకాయ లాంటి ప్రోగ్రామ్) 5.4 ఎంచుకుంటే నెట్ వచ్చేసింది, కొత్త 5.15లో రాదు. అంటే కార్డు బాగానే ఉంది, దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్, అంటే డ్రైవర్‌దే తేడా. తవ్వితే బయటపడింది: సిస్టమ్‌లు ఇచ్చినప్పుడు ఆయనే ఆర్8168 అనే డ్రైవర్‌ను చేత్తో ఎక్కించి, కెర్నల్‌తో పాటే వచ్చే ఆర్8169ను లోడ్ కానివ్వకుండా ఒక ఫైల్లో బ్లాక్‌లిస్ట్ రాసిపెట్టాడు. నాకొక్క ముక్క చెప్పలేదు. కొత్త కెర్నల్‌కు సరిపోయేలా ఆ పాత డ్రైవర్ తయారు (కంపైల్) కాలేదు, ఉన్న డ్రైవర్‌కేమో తలుపు మూసి ఉంది. పాతది తీసేసి, ఆ ఫైల్ చెరిపి, సిస్టమ్ ఆన్ అయ్యేటప్పుడు మొదట లోడయ్యే ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్‌ను మళ్లీ కట్టి రీస్టార్ట్ చేశాను. పావుగంట పని. ఆ పావుగంట పనికి రెండు రోజులు!

బుధవారం నుంచి ఆరూ నడుస్తున్నాయి. మీ ఫైళ్లు ఏవీ పోలేదు. ఆయన దగ్గర ఇకపై మౌసు కూడా కొనను. ఉబుంటులో ఇంకా కొత్తదైన 24.04కు కూడా వెళ్తాం కానీ ముందు మూలనున్న సిస్టమ్ ఒక్కటే, అదీ గడువులేవీ లేని వారంలో. ఆ నలుగురిలో లేటు ఫీజు రసీదు ఇంకా ఇవ్వని ఇద్దరూ ఈ వారంలో వచ్చి డబ్బు తీసుకెళ్లండి.