కొట్టిన పిల్లవాణ్ణి కూడా వాడి భాషలో అడగండి

సంపాదకుడు గారికి,

పోయిన నెల మా మనవడు క్లాసులో పక్కబెంచీ అబ్బాయిని జామెట్రీ బాక్స్‌తో కొట్టాడు. ఆ అబ్బాయి పెదవి చిట్లి రెండు కుట్లు పడ్డాయి. కబురు వచ్చి నేను వెళ్లేసరికి మావాడు వరండాలో నిలబడి ఉన్నాడు. చొక్కా గుండీలు ఊడిపోయాయి, సొట్టపడిన రేకు డబ్బా ఇంకా చేతిలోనే ఉంది. "ఇంకోసారి ఇలా జరిగితే టీసీ ఇచ్చేస్తాం" అన్నారు బడివాళ్లు. ఆ పిల్లవాడి ఇంటికి వెళ్లి క్షమాపణ చెప్పుకుని వచ్చాను. తప్పు మావాడిదే.

రాత్రి అన్నం పెట్టుకుని అడిగితే అప్పుడు నోరు విప్పాడు. అయిదు దాకా ఆంధ్రలోని పాతపట్నంలో అమ్మమ్మగారింట్లో ఉండి తెలుగులో చదివి, ఆరులో ఇక్కడ పర్లాకిమిడిలో ఒడియా బడిలో చేరాడు. పాఠం చదవమంటే తడబడతాడు. వెనక నుంచి నవ్వులు, "తెలెంగా" అని వెక్కిరింపులు, రోజూ ఇదే వరస. "వాళ్లకి జవాబు చెప్పాలంటే ఒడియాలో మాట రాదు తాతా, చెయ్యి లేచిపోయింది" అన్నాడు.

మన తెలుగు పిల్లలు మాత్రం తక్కువా? కొండ ఊళ్ల నుంచి వచ్చి హాస్టల్లో ఉండే సవర పిల్లల మాటను మనవాళ్లు ఎగతాళి చేయడం నేను స్వయంగా విన్నాను. సవర భాషకు నిఘంటువు రాసిన గిడుగు రామమూర్తి పంతులు గారు పాఠాలు చెప్పిన ఊరు ఇది. విన్నప్పుడు ప్రాణం చివుక్కుమంది.

టీసీ బెదిరింపు చట్టానికే విరుద్ధం. 2009 నాటి విద్యాహక్కు చట్టం 16వ సెక్షన్ ప్రకారం ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా ఏ పిల్లనీ, పిల్లవాణ్ణీ బడి నుంచి తీసేయకూడదు. 17వ సెక్షన్ ప్రకారం కొట్టకూడదు, మానసికంగా వేధించనూ కూడదు. అలాగని భారమంతా టీచర్ల మీద వేయలేం. ఒక పీరియడ్‌లో వాళ్లు పాఠం చెప్తారా, తగాదాలు తీరుస్తారా?

బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి. మీటింగ్ పెడితే ప్రహరీ గోడ, మధ్యాహ్న భోజనం గురించే మాట్లాడుకుని లేస్తున్నాం. పిల్లల కొట్లాటలు కూడా అక్కడికి రావాలి. తెలుగు, సవర తెలిసిన పెద్దలు ఒకరిద్దరు వారానికో పూట బడిలో కూర్చుని, కొట్టినవాణ్ణీ దెబ్బ తిన్నవాణ్ణీ విడివిడిగా, ఎవరి భాషలో వాళ్లని అడగాలి. ఆ పనికి నేను వస్తాను, జీతం అక్కర్లేదు.

అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే ఏర్పాట్లుండాలని రాజ్యాంగం 350ఎ అధికరణం చెబుతోంది. ఆ దశ దాటి ఆరులోకి వచ్చే పిల్లలకు కనీసం మొదటి మూడు నెలలైనా రోజూ ఒక గంట ఒడియా విడిగా నేర్పించాలి. వెక్కిరింపు భయం లేకుండా తప్పులు మాట్లాడే చోటు వాళ్లకు ఒకటి కావాలి.

ఆ అబ్బాయికి కుట్లు విప్పేశారు. ఇద్దరూ ఇంకా పక్కపక్క బెంచీల్లోనే కూర్చుంటున్నారు, మాటల్లేవు. జిల్లా విద్యాధికారి గారు వేసవి సెలవుల తర్వాత బడులు తెరిచేలోగా ఈ ఏర్పాట్లు చేయించాలని కోరుతున్నాను.

– ఒక తాత, పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా