బాత్రూం ప్యానెల్ కిట్టు, తువ్వాళ్ళ హుక్కుల మీద ఫిర్యాదు

చెన్నై

ఫిర్యాదుల పరిష్కార అధికారి గారికి,

విషయం: 5×7 అడుగుల బాత్రూంకి సరిపోతుందని అమ్మిన పీవీసీ ప్యానెల్ కిట్టులో కొరత, నాసిరకం సామాను, తప్పు సూచనలు.

అయ్యా,

మడిపాక్కంలోని మా అపార్ట్‌మెంటు కోసం గోడ టైళ్ళ మీద అతికించే పీవీసీ ప్యానెళ్ళూ, తువ్వాళ్ళ హుక్కులూ ఉండే 4 కిట్లు మీ వెబ్‌సైట్‌లో కొన్నాం. ఒకటి బిగించాం, మిగతా మూడూ విప్పి లెక్క చూశాం. నాలుగింటిలోనూ అవే లోపాలు. బిగించడంలోనే తేడా వచ్చి ఉంటుందని మీ కస్టమర్ కేర్ వాళ్ళు అంటున్నారు కాబట్టి కొలతలతో సహా రాస్తున్నాం.

మొదటిది ప్యానెళ్ళ సంఖ్య. 5×7 బాత్రూం చుట్టుకొలత 24 అడుగులు. రెండున్నర అడుగుల తలుపు తీసేస్తే మిగిలేది 21.5 అడుగులు, అంటే 6,553 మి.మీ. ప్యానెల్ వెడల్పు 250 మి.మీ. అని మీరు వేసుకున్న లెక్కకే 26.2 రావాలి. కిట్టులో ఉన్నవి 26. పైగా ఆ 250లో 8 మి.మీ. నాలుక పక్క ప్యానెల్ గాడిలోకి వెళ్ళిపోతుంది, గోడను కప్పేది 242 మాత్రమే. ఆ లెక్కన 27 దాటుతుంది. మూలల్లో కోతకు పోయేది కూడా చూసుకుంటే 28 లేనిదే పని పూర్తికాదు.

జిగురు సంగతి ఇంకా అన్యాయం. ఒక్కో ప్యానెల్ వెనక పైనుంచి కిందికి రెండు గీతలు, ఎక్కడా తెగకుండా వేయమని మీ సూచనల కాగితమే చెబుతోంది. అటక కింద గోడ ఎత్తు 7 అడుగులనుకున్నా ఒక్కో ప్యానెల్‌కి 4.27 మీటర్లు, 26 ప్యానెళ్ళకి 111 మీటర్లు. 6 మి.మీ. లావున వేస్తే 280 మి.లీ. ట్యూబు 10 మీటర్లు కూడా పూర్తిగా రాదు. కావలసినవి 12 ట్యూబులు, మీరిచ్చినవి 4. అవీ వెనిగర్ వాసన కొట్టే ఆమ్లపు రకం సిలికాన్. అది పీవీసీని గట్టిగా పట్టుకోదు, దగ్గరున్న లోహాన్ని తినేస్తుంది. ఇక్కడ వాడాల్సింది ఆమ్లం వదలని న్యూట్రల్ రకం. సిలికాన్ గట్టిపడాలంటే గాలిలోని తేమ తగలాలి. ఒక పక్క టైలు, మరో పక్క పీవీసీ ఉన్నచోట లోపలి దాకా ఆరడానికి రోజులు పడుతుంది. "4 గంటల తర్వాత తువ్వాళ్ళు వేలాడదీయవచ్చు" అన్న మీ మాట ఏ లెక్కన రాశారో తెలియదు. ఆ కాగితం మీద బొమ్మలో మనిషి 8 అడుగుల ప్యానెల్‌ని ఒంటిచేత్తో పట్టుకుని నవ్వుతుంటాడు. లెక్కలు కూడా ఆయనే వేసినట్టున్నాడు.

అసలు గొడవ హుక్కుల దగ్గర. 6 మి.మీ. రావల్ ప్లగ్గు (స్క్రూ పట్టు కోసం గోడ కంతలో పెట్టే ప్లాస్టిక్ గొట్టం), 25 మి.మీ. పొడవు స్క్రూ ఇచ్చారు. హుక్కు ప్లేటు 2, ప్యానెల్ 8, టైలు 8 తీసేస్తే గోడలోకి దిగేది 7 మి.మీ. అదీ టైలు వెనకున్న సిమెంటులోకే, ఇటుకదాకా చేరదు. ప్లగ్గు టైలు మందంలోనే ఇరుక్కుని ఉబ్బుతుంది, దాంతో టైలు చిట్లుతుంది. 5×60 స్క్రూ (5 మి.మీ. లావు, 60 మి.మీ. పొడవు), 8×40 ప్లగ్గు ఇచ్చి, ప్లగ్గును టైలు దాటేదాకా లోపలికి కొట్టమని చెప్పాల్సింది. టైలు దాటేవరకు డ్రిల్లులో హ్యామర్ మోడ్ (గుద్దుతూ తొలిచేది) వేయకూడదనీ, టైలు బిట్టుతో నెమ్మదిగా తొలవాలనీ ఒక్క ముక్క కూడా లేదు.

ఇంకొకటి, మీ ప్యానెల్ లోపల బోలు. స్క్రూ బిగించేకొద్దీ హుక్కు ప్లేటు దాన్ని లోపలికి అణిచేస్తుంది. గట్టిగా బిగిస్తే చొట్ట, వదులుగా వదిలేస్తే హుక్కు ఊగుతుంది. మేం ప్యానెల్ వరకే 16 మి.మీ. కంత చేసి, అర అంగుళం సీపీవీసీ పైపును 8 మి.మీ. ముక్క కోసి అందులో పెట్టాం. అప్పుడు బలం ప్యానెల్ మీద పడకుండా ఆ ముక్క మీదుగా టైలుకు చేరింది. హుక్కుకొక్కటి చొప్పున రూపాయి ఖరీదు చేయని ఈ ముక్కలు కిట్టులో వేయడానికి మీకేం అడ్డం?

పెట్టె మీద హుక్కులు "ఎస్ఎస్ 304" అని, అంటే 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలని ఉంది. అయస్కాంతం అంటుకోదు కాబట్టి నిజమేనని మీవాళ్ళు జవాబిచ్చారు. తుప్పుకు అంతగా ఆగని 202 రకం స్టీలుకీ అయస్కాంతం అంటుకోదు, కనుక ఆ పరీక్షతో తేలేదేమీ లేదు. హార్డ్‌వేర్ షాపుల్లో దొరికే టెస్ట్ లిక్విడ్ చుక్క వేసి 9 వోల్టుల బ్యాటరీ తాకించాం. ఆరు హుక్కుల మీదా చుక్క ఎర్రబడింది. మాంగనీసు ఎక్కువ, నికెల్ తక్కువ ఉన్న 202 అన్నమాట. సముద్రపు గాలి తగిలే ఊళ్ళో ఇది నిలబడదు. హుక్కు తిప్పి చూస్తే, కొక్కేన్ని ప్లేటుకు అతికించిన వెల్డు చుట్టూ అప్పుడే టీ మరకలాంటి గోధుమరంగు వలయం కనిపిస్తోంది. స్క్రూలకు మాత్రం అయస్కాంతం ఠక్కున అంటుకుంది. అవి జింకు పూసిన ఇనుము.

ప్యానెల్ పైనా కిందా బిగువుగా ఉండేలా కోయమనడం కూడా తప్పే. పీవీసీ మీటరుకు ఒక్కో డిగ్రీకి సుమారు 0.07 మి.మీ. సాగుతుంది. 20 డిగ్రీల తేడాకి 7 అడుగుల ప్యానెల్ 3 మి.మీ. పెరిగి, చోటు లేక నడుమ ఉబ్బుతుంది. పైన 5 మి.మీ. వదలాలి.

మాకు కావలసినవి: కిట్టుకు అదనంగా 2 ప్యానెళ్ళు, 12 న్యూట్రల్ ట్యూబులు, గ్రేడు ధ్రువపత్రంతో 304 హుక్కులు, స్టెయిన్‌లెస్ 5×60 స్క్రూలు, సరిదిద్దిన సూచనలు తమిళంలోనూ తెలుగులోనూ. కుదరకపోతే నాలుగు కిట్ల డబ్బూ, పగిలిన రెండు టైళ్ళ ఖర్చూ తిరిగి ఇవ్వండి. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలపాలి, నెలలో పరిష్కరించాలి. అది జరగకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి, ఆపై జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాం. విప్పిన మూడు కిట్లూ పెట్టెల్లోనే ఉన్నాయి. మీ మనిషిని టేపు, అయస్కాంతం, ఆ లిక్విడ్ సీసాతో పంపండి, ఎదురుగానే కొలిచి చూపిస్తాం.

ఇట్లు,
అపార్ట్‌మెంటు నిర్వహణ సంఘం తరఫున