గాలిలో ఉన్నదాన్నే అమ్మబోయారు

సంపాదకులకు నమస్కారం.

ముప్పై ఏళ్లు రసాయనశాస్త్రం చెప్పి పదవీ విరమణ చేసినవాణ్ని. కారు నడపడం వచ్చు గానీ దాని లోపలి సంగతులు నాకు అంతగా తెలియవు. అందుకే ఐదేళ్లుగా, కారు కొన్న డీలరు సర్వీస్ సెంటర్‌లో ఏ కాగితం ముందు పెడితే దాని మీద సంతకం పెట్టి వస్తున్నాను. పోయిన నెల మాత్రం పెట్టలేదు. కారణం నైట్రోజన్.

"ఈసారి టైర్లకు మామూలు గాలి వద్దు సార్, నైట్రోజన్ పట్టిద్దాం" అన్నాడు సర్వీస్ అడ్వైజర్. మర్యాదస్తుడు, నా దగ్గర చదువుకున్న పిల్లల ఈడువాడు. మామూలు గాలిలో నైట్రోజన్ ఎంత ఉంటుందని అడిగాను. పాత అలవాటు, పోదు. నవ్వి ఊరుకున్నాడు. 78 శాతం ఉంటుంది నాయనా అన్నాను. విమానాల టైర్లలో శుద్ధమైన నైట్రోజన్ వాడే మాట నిజమే. అక్కడి వేడి, అక్కడి పీడనం వేరు, తేమ అసలు ఉండకూడదు. నా బండి విమానం కాదు. నెలకోసారి గాలి సరిచూసుకుంటే దానికి చాలు.

నాకు తెలిసిన విషయంలోనే ఇలా ఉంటే తెలియని వాటిలో ఎలా ఉందోనని అనుమానం వచ్చింది. కారులో డాష్‌బోర్డు అర తెరిచి మాన్యువల్ తీశాను. ఐదేళ్లయినా దాని ప్లాస్టిక్ కవరు విప్పలేదని ఒప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. వెయిటింగ్ గదిలో కూర్చుని, వాళ్లిచ్చిన జాబితాను ఒళ్లో పెట్టుకుని, పరీక్ష పేపరు దిద్దినట్టు ఒక్కొక్కటీ సరిచూశాను.

ఇంజన్ ఫ్లషింగ్, అంటే మందు పోసి ఇంజన్ లోపలి మడ్డి కడగడం, మాన్యువల్‌లో లేదు. ఇంజన్‌లోకి ఇంధనం చిమ్మే ఇంజెక్టర్ల క్లీనింగ్ కూడా లేదు. బండి వణికినా, మైలేజీ పడిపోయినా ఆ పని చేయించడంలో అర్థం ఉంది. నా బండికి ఆ రెండు జబ్బులూ లేవు. ఎయిర్ ఫిల్టర్ తెచ్చి "చూడండి సార్, ఎంత దుమ్ము పట్టిందో" అని దాదాపు జాలిగా చూపించారు. దుమ్ము పట్టడమే కదా దాని ఉద్యోగం! దాన్ని మార్చడానికి మాన్యువల్ ప్రకారం ఇంకా చాలా కిలోమీటర్లు ఉంది. బ్రేక్ ప్యాడ్లు అరిగిపోయాయన్నారు. ఎన్ని మిల్లీమీటర్లు మిగిలాయని అడిగితే అప్పుడు వెళ్లి కొలిచారు. 7 మిల్లీమీటర్లట. సాధారణంగా 3 దగ్గరికి వచ్చినప్పుడు మారుస్తారు. అంటే కొలవకుండానే అరిగిపోయాయని చెప్పేశారన్నమాట.

ఇంజన్ ఆయిల్ 10,000 కిలోమీటర్లకు లేదా ఏడాదికి మార్చమని మాన్యువల్ చెబితే, అద్దం మీద వాళ్లు అంటించిన స్టిక్కర్ 5,000 అంటోంది. ఇక్కడ న్యాయంగా ఒక మాట చెప్పాలి. దుమ్ములోనూ, ఇంజన్ సరిగా వేడెక్కనంత చిన్న దూరాలకూ తిరిగే బండ్లకు ముందే మార్చమని ఆ పుస్తకంలోనే ఉంది. నేను తిరిగేవి చిన్న దూరాలే. ఆ కారణం చెప్పి ఉంటే మారు మాట్లాడకుండా ఒప్పుకునేవాణ్ని. "అందరూ అలాగే మారుస్తారు సార్" అన్నది మాత్రం కారణం కాదు.

అసలు విడ్డూరం బ్రేక్ ఆయిల్. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకాన్నే తీసుకుంటే, కొత్తదానికి మరిగే స్థానం కనీసం 230 డిగ్రీలు ఉండాలి. 3.7 శాతం నీరు చేరిన దానికి ఆ హద్దు 155కి దిగుతుంది. వాలులో దిగుతూ బ్రేకు మీద బ్రేకు వేస్తే ఆ నీరు ఆవిరై పెడలు కిందికి జారిపోవచ్చు. రెండేళ్లకోసారి మార్చమని నా మాన్యువల్‌లో స్పష్టంగా ఉంది. ఐదేళ్లలో ఒక్కసారీ మార్చలేదని పాత బిల్లులు చెబుతున్నాయి. పదకొండు పనుల జాబితాలో, ప్రాణం మీదికి వచ్చే ఆ ఒక్క పనే లేదు. ఏసీకి సువాసన వచ్చే మందు కొట్టడం మాత్రం ఉంది.

ఇవన్నీ చేయించకపోతే వారంటీ పోతుందన్నారు. ఆ మాటే కాగితం మీద రాసివ్వమన్నాను. ఆ అబ్బాయి లోపలికి వెళ్లొచ్చి "మీ ఇష్టం సార్, తప్పనిసరి కాదు" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, నెలకు ఇన్ని అదనపు పనులు ఒప్పించాలని తమకు టార్గెట్ ఉంటుందని చెప్పాడు. అతని మీద నాకు కోపం లేదు. ఆ టార్గెట్ పెట్టినవాళ్ల మీద ఉంది.

కార్ల కంపెనీలను నేను అడిగేది ఒక్కటే. డీలర్లు ఇచ్చే ప్రతి ఎస్టిమేట్‌లో ప్రతి పని పక్కన అది మాన్యువల్‌లో ఏ పేజీలో ఉందో వేయించండి. అరిగిందంటే ఎంత అరిగిందో కొలత రాయించండి. పేజీ లేని పనులను వేరే కాగితం మీద పెట్టి, వాటికి విడిగా సంతకం తీసుకోమనండి. ముద్రించడానికి ఒక గడి చాలు.

నాలుగు రోజుల కిందట ఆ సెంటర్ నుంచి ఫోను వచ్చింది, సేవకు పదికి ఎన్ని మార్కులు వేస్తారని. తప్పనిసరి ప్రశ్న వదిలేశారు కాబట్టి నాలుగు వేశాను.

ఇట్లు,
ఒక విశ్రాంత రసాయనశాస్త్ర ఉపాధ్యాయుడు