ఆర్డర్ డేటా రూపం మారుతోంది, మీ కోడ్‌లోనూ కాస్త పని ఉంటుంది

మా బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ నుంచి ఆర్డర్ల డేటాను సొంత ప్రోగ్రాముల్లోకి తెచ్చుకుంటున్న కస్టమర్లకు ఈ కబురు. కొత్త వెర్షన్‌లో ఆ డేటా రూపం మారుతోంది. పాత కోడ్‌ను ఉన్నదున్నట్టు దానికి తగిలిస్తే పనిచేయదు, ముందే చెప్పేస్తున్నాం.

ఇప్పటిదాకా డేటాబేస్‌లో టేబుళ్లు జాయిన్ చేస్తే (ఒకదానితో ఒకటి కలిపితే) వచ్చిన వరసలనే పంపేవాళ్లం. ఆర్డర్‌లో మూడు వస్తువులుంటే మూడు వరసలు, మూడింట్లోనూ అదే పేరు, అదే అడ్రసు. వాటిని ఒక్కటి చేసుకునే పని మీ నెత్తిన పడేది. ఇకమీదట ఆర్డర్‌కు ఒకే ఎంట్రీ, వస్తువులన్నీ దాని లోపల ఇంకో అర్రేలో (విలువల గుంపులో) ఉంటాయి.

మా వైపు దీన్ని రాయడానికి ఒక్క ఫోరీచ్ లూపే, అంటే వరసలను ఒక్కొక్కటిగా తీసుకుంటూ పోయే కోడే. ఆర్డర్ నంబర్‌ను కీగా (ఎంట్రీని గుర్తుపట్టే పేరుగా) పెట్టి, వస్తువును దాని కింద చేర్చుకుంటూ పోవడమే. చిక్కంతా ఆ కీల దగ్గరే. మేం వాడే పీహెచ్‌పీ భాషలో '1024' అని స్ట్రింగ్‌గా (అక్షరాల రూపంలో) ఇచ్చిన కీ చడీచప్పుడు లేకుండా పూర్ణసంఖ్య అయిపోతుంది. '0075' మాత్రం ముందున్న సున్నాల వల్ల స్ట్రింగ్‌గానే మిగులుతుంది. తర్వాత రెండు నెలల ఆర్డర్లను అర్రే_మెర్జ్ అనే ఫంక్షన్‌తో కలిపామా, పూర్ణసంఖ్య కీలన్నీ మళ్లీ 0 నుంచి మొదలవుతాయి. 1024 గల్లంతు, 0075 భద్రం. ఎర్రర్ కూడా రాదు! ఇక లోపలి అర్రేలను కూడా కలిపే అర్రే_మెర్జ్_రికర్సివ్ జోలికైతే మేం పోనే పోలేదు. ఒకే వస్తువు ధర రెండు పక్కలా ఉంటే, ఒక్క ధర బదులు రెండు ధరల అర్రే చేతిలో పెడుతుందది.

మీకు పంపడానికి డేటాను జేసన్ అనే టెక్స్ట్ రూపంలోకి మార్చేటప్పుడు ఇంకో తిరకాసు. కీలు 0 నుంచి వరసగా ఉంటేనే లిస్టు, మధ్యలో ఒకటి తగ్గినా ఆబ్జెక్ట్ (పేరు-విలువ జతలు) అయిపోతుంది. క్యాన్సిల్ అయిన ఆర్డర్లను అర్రే_ఫిల్టర్‌తో ఏరేస్తే కీల మధ్య ఖాళీలు పడతాయి. అందుకే నంబర్ కీలను లోపలి పనికే వాడుకుని, పంపే ముందు అర్రే_వాల్యూస్‌తో కొత్త వరస ఇస్తున్నాం. మీకు వచ్చేది ఎప్పుడూ లిస్టే, ఒక్క ఆర్డరున్నా, అసలు లేకపోయినా. నంబర్ ప్రతి ఎంట్రీలోనూ స్ట్రింగ్‌గా ఉంటుంది. దాన్ని అంకెగా మార్చుకోకండి, ముందున్న సున్నాలు ఎగిరిపోతాయి.

పాత రూపం పాత లింకులోనే కొన్నాళ్లు దొరుకుతుంది, కొత్త ఫీల్డులు మాత్రం అందులో రావు. రెండింటినీ ఎల్లకాలం నడపడం మాలాంటి చిన్న టీమ్‌కు అయ్యే పని కాదు. ఎక్సెల్‌లో చూసుకునేవాళ్లకు వరసల రూపమే సుఖం కాబట్టి సీఎస్‌వీ ఫైలును ముట్టుకోవడం లేదు.