బావా, ఆ ప్యాడ్ పీకేయకు

ఏరా బావా,

మొన్న ఫోన్లో నీ గొంతు వింటేనే అర్థమైంది, టెన్షన్‌లో ఉన్నావని. చమురు బావి నుంచి వచ్చే గ్యాస్, నూనె, నీళ్లని విడదీసే ఆ సెపరేటర్ ఖర్చు తగ్గించమని క్లయింట్ నెత్తినెక్కి కూర్చున్నాడు, నువ్వేమో గ్యాస్‌లోని తుంపర్లని పట్టే మిస్ట్ ప్యాడ్ పీకేద్దామా అని చూస్తున్నావు. ఆ పని మాత్రం చేయకు. అంత పెద్ద వెసెల్ ముందు ప్యాడ్ ఖర్చెంతరా! అది లేకపోతే నూనె తుంపర్లు గ్యాస్‌తో పాటు పోయి కంప్రెసర్‌లో పడతాయి, అప్పుడు నిన్ను తిట్టడానికి వేరే వాళ్లు బోలెడంత మంది ఉంటారు.

డబ్బంతా ఉక్కులో ఉంది. ఒకే ప్రెషర్‌కి డయామీటర్ రెట్టింపు చేస్తే గోడ మందం కూడా రెట్టింపవుతుంది కదా, అందుకే సన్నగా పొడుగ్గా కట్టినా లావుగా పొట్టిగా కట్టినా లోపల పట్టేది అంతే అయితే బరువు పెద్దగా మారదు. ప్రెషర్ మారితేనే మారుతుంది. 40 బార్ వెసెల్‌కి, అదే సైజు 5 బార్ వెసెల్ కంటే ఎనిమిది రెట్ల ఉక్కు పడుతుంది. తుప్పు కోసం కలిపే మందం లెక్కేస్తే అంత తేడా రాదనుకో, అయినా చాలా తేడానే. నీళ్లు కిందికి దిగడానికి నిమిషాల కొద్దీ ఆగాల్సిన ద్రవాన్నంతా నువ్వు 40 బార్ దగ్గరే కూర్చోబెడుతున్నావు! ఆ ఎక్కువ ప్రెషర్ దగ్గర గ్యాస్‌ని ద్రవం నుంచి విడదీయడానికి చిన్న టూ ఫేజ్ సెపరేటర్ పెట్టు, నీళ్ల సంగతి తక్కువ ప్రెషర్ దగ్గర గ్యాస్, నూనె, నీళ్లు మూడూ విడదీసే త్రీ ఫేజ్‌కి వదిలెయ్.

ఒక్కటే తిరకాసు, ఆ రెండింటి మధ్యలో ప్రెషర్ తగ్గించే వాల్వ్. అందులోంచి పోయే ద్రవాన్ని అది చిలికేస్తుంది. మజ్జిగ చిలికితే వెన్న విడుతుంది గానీ ఇక్కడ చిలికితే నూనె, నీళ్లు ఇంకా గట్టిగా కలిసిపోతాయి. నీటి చుక్క సైజు సగమైతే అది దిగే వేగం నాలుగో వంతుకి పడిపోతుంది, స్టోక్స్ లెక్క గుర్తుందిగా.

నేను కోనసీమలో పనిచేసినప్పుడు ఇదే గొడవ. నూనెలో నీళ్లు పోతున్నాయని ఇంకా పెద్ద వెసెల్ కొందామన్నారు. మా ల్యాబ్ పెద్దాయన ఏమీ మాట్లాడకుండా గీతలున్న రెండు గాజు గొట్టాల్లో శాంపిల్ తెచ్చి వేడినీళ్లలో నిలబెట్టాడు. నూనె, నీళ్లు విడిపోయేలా చేసే డీమల్సిఫయర్ మందుని ఒకదానికి వాల్వ్ ముందు కలిపారు, రెండోదానికి వాల్వ్ దాటాక. పావుగంటకి మొదటిదాని అడుగున నీళ్లు తేటగా, గీత గీసినట్టు నిలబడ్డాయి. రెండోదాంట్లో ఇంకా చాక్లెట్ రంగు ముద్దే! మందు కలిపే పాయింట్‌ని వాల్వ్ ముందుకి జరిపాం, అంతే, కొత్త వెసెల్ మాటే రాలేదు.

అందుకని డ్రాయింగ్ తర్వాత, ముందు బాటిల్ టెస్ట్, అదే ఆ గాజు గొట్టాల పరీక్ష, చేయించు. శాంపిల్ తాజాగా బావి దగ్గరే పట్టాలి, నెల రోజులు షెడ్డులో పడున్న డబ్బాలోది నీకు వేరే కథ చెబుతుంది. లెక్కలు పంపేటప్పుడు ఇవాళ్టి నీళ్ల శాతం ఒక్కటే రాయకు, బావి ముసలిదయ్యాక వచ్చేది కూడా రాయి. ఆదివారం తీరిగ్గా చూస్తాను.

ఉంటా మరి.