కేసు బండి నడిపినవాడి దగ్గరే ఆగిపోతోంది

సంపాదకులు గారికి,

నమస్కారం. రామంతాపూర్‌లో మా వీధి చివర ఒక వైన్స్, దానికి ఆనుకుని పర్మిట్ రూం ఉన్నాయి. లోపల తాగేవాళ్లు బయటికి వచ్చేలోగా దుకాణం మనిషి వాళ్ల బండ్లను ఒక్కొక్కటిగా వెనక్కి లాగి, ముందుచక్రం రోడ్డు వైపు ఉండేలా తిప్పి వరుసగా నిలబెట్టడం రాత్రి పది దాటాక రోజూ చూస్తుంటాను. తూలుతూ వచ్చినవాళ్లు బండి తిప్పుకోలేక పక్కవాటిని పడేస్తున్నారని ఈ ఏర్పాటు చేశారట. బండి తిప్పుకోలేనివాడు ఉప్పల్ దాకా దాన్ని ఎలా నడుపుతాడనే ప్రశ్న మాత్రం అక్కడ ఎవరికీ వచ్చినట్టు లేదు.

వారాంతంలో ఎన్ని డ్రంక్ అండ్ డ్రైవ్ కేసులు నమోదయ్యాయో మీ పత్రికలోనే చదువుతుంటాం. ఆ లెక్కలో బండి తిప్పిపెట్టినవాడు గానీ, గ్లాసు నింపినవాడు గానీ కనిపించరు. చట్టం మెతకగా ఉందని కూడా అనలేం. మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాల్ మించితే నేరం. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించే పరిమితి 50, ఇంగ్లండులో ఇప్పటికీ 80. 2019 సవరణ తర్వాత మొదటిసారి దొరికినా పదివేల రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడవచ్చు.

జపాన్ ఈ విషయంలో మనకంటే ఒక అడుగు ముందుకు వేసింది. 2006 ఆగస్టులో ఫుకుఓకా నగరంలో తాగి కారు నడిపిన ఒక ఉద్యోగి వెనకనుంచి ఢీకొట్టడంతో, ఒక కుటుంబం వెళ్తున్న వాహనం వంతెన మీదినుంచి సముద్రంలో పడి ముగ్గురు పసిపిల్లలు చనిపోయారు. ఆ మరుసటి ఏడాదే అక్కడ చట్టాన్ని సవరించి, తాగినవాడికి వాహనం ఇచ్చినవాడిని, నడుపుతాడని తెలిసీ మద్యం పోసినవాడిని, తాగాడని తెలిసీ దింపమని అడిగి ఎక్కినవాడిని కూడా శిక్షించే వీలు కల్పించారు. అక్కడ ‘దైకో’ అనే సేవ కూడా ఉంది. ఇద్దరు వస్తారు, ఒకరు మన కారును మన ఇంటికి నడుపుతారు, రెండోవారు తమ కారులో వెనకే వచ్చి మొదటివారిని తీసుకుపోతారు. తాగినవాడు ఇల్లు చేరే దారి గురించి మద్యం పోసినవాడు కూడా ఆలోచించక తప్పని పరిస్థితి అది.

మన దగ్గర అలాంటి చట్టం లేదనుకుంటే పొరపాటే. అదే మోటారు వాహనాల చట్టంలో 188వ సెక్షన్ ఉంది. తాగి నడపడానికి ప్రోత్సహించినా, సాయపడినా అసలు నేరానికి ఉన్న శిక్షే వారికీ వర్తిస్తుందని అది చెబుతోంది. డిసెంబరు 31 రాత్రికి ముందు బార్లకు, పబ్బులకు హెచ్చరికలు వెళ్తాయి, జనవరి రెండో తేదీకి అందరూ మరిచిపోతారు. బండిని రోడ్డు వైపు తిప్పి పెట్టడం సాయం కిందికి వస్తుందో రాదో న్యాయవాదులు చెప్పాలి గానీ, నా మట్టుకు నాకు అది సాయమే.

నేను ఆర్టీసీ డిపోలో కంట్రోలరుగా పనిచేసి రిటైరయ్యాను. చివరి ఏళ్లలో ఎంత సీనియర్ డ్రైవరైనా డ్యూటీ ఎక్కేముందు బ్రీత్ అనలైజర్‌లో ఊదవలసిందే. “ముప్పై ఏళ్ల సర్వీసు నాది, నన్ను ఊదమంటావా సారూ” అని మొదట్లో చిన్నబుచ్చుకున్నవాళ్లే, అందరూ ఊదుతున్నారని చూశాక, రిజిస్టరులో సంతకం పెట్టినంత మామూలుగా ఊది వెళ్లేవారు. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ 1982 డిసెంబరులో మొదలుపెట్టిన తనిఖీల వెనక ఉన్న ఆలోచనా ఇదే. అనుమానంతో పని లేకుండా, ఎక్కడైనా, ఎప్పుడైనా, ఏ డ్రైవరునైనా ఆపి ఊదమనవచ్చు. మన నగరంలోనేమో ఏ ఫ్లైఓవర్ కింద తనిఖీ ఉందో పోలీసులు నిలబడ్డ కాసేపటికే వాట్సాప్‌లో తిరుగుతుంది, బండ్లు సందుల్లోకి మళ్లుతాయి.

తాగినవాడివల్ల జరిగే నష్టం రోడ్డుతోనే పోదు. వేల్స్ రాజధాని కార్డిఫ్‌లో జొనాథన్ షెపర్డ్ అనే సర్జన్, కొట్లాటల్లో దెబ్బలు తిని వచ్చినవాళ్లలో చాలామంది పోలీసుల దాకా వెళ్లడమే లేదని గమనించారు. ఎక్కడ, ఏ వేళ, దేనితో కొట్టారో ఆసుపత్రి కౌంటరు దగ్గరే అడిగి రాయించి, పేర్లు తీసేసి, ఆ వివరాలను పోలీసులకు, నగర పాలక సంస్థకు పంపించే పద్ధతి పెట్టించారు. ఏ బారు దగ్గర ఎక్కువ తలలు పగులుతున్నాయో తేలడంతో గస్తీ అక్కడికే మళ్లింది, లైసెన్సుల నిర్ణయాల్లోనూ ఆ వివరాలు లెక్కకు వచ్చాయి. గాయాలతో ఆసుపత్రిలో చేరేవారి సంఖ్య తగ్గింది. ఆ తర్వాత ఇతర దేశాలూ ఆ పద్ధతిని తీసుకున్నాయి.

దీన్ని హైదరాబాద్‌లో మొదలుపెట్టడానికి కొత్త చట్టం అక్కర్లేదు. డ్రంక్ అండ్ డ్రైవ్ కేసు రాసే కాగితంలో ‘చివరి గ్లాసు ఎక్కడ తాగారు’ అనే గడి ఒకటి పెట్టి, నెలనెలా ఆ జాబితాను ఎక్సైజ్ శాఖకు పంపితే చాలు. కొందరు అబద్ధం చెబుతారు, నిజమే. అయినా ఒకే దుకాణం పేరు పదే పదే వస్తే అది దాగదు. పర్మిట్ రూంకు మళ్లీ అనుమతి ఇచ్చే రోజున కట్టిన ఫీజు రసీదుతోపాటు ఆ జాబితా కూడా అధికారి బల్ల మీద ఉండాలని నా విన్నపం.

ఇట్లు,
ఒక విశ్రాంత ఆర్టీసీ ఉద్యోగి,
రామంతాపూర్, హైదరాబాద్